వేరుశనగలో అఫ్లాటాక్సిన్: ఒకే లాట్‌కి ఒక నమూనాలో 4 పీపీబీ, ఇంకోదాంట్లో 61. కరపత్రంలో ఏం రాయాలి?

రెండుపేజీలు అడిగిన ప్రశ్న:

వేరుశనగ పండించే రైతు సంఘాల కోసం అఫ్లాటాక్సిన్ (ఒక రకం బూజు తయారు చేసే విషం) మీద రెండు పేజీల కరపత్రం తయారవుతోంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు వేసిన పాత కరపత్రాలు ముందు పెట్టుకుని రాస్తున్నా మూడు చోట్ల పెన్ను కదలడం లేదు. తెలిసినవాళ్లు సరిచేయండి.

మొదటిది: ఒకే లాట్ (ఒక్కచోట చేర్చిన సరుకు) నుంచి ఒకే రోజు తీసిన రెండు నమూనాలు. ఒలిచిన గింజలు కిలో చొప్పున, పరీక్ష కూడా ఒకే ల్యాబ్‌లో. ఒకటి 4 పీపీబీ (అంటే కిలోకి 4 మైక్రోగ్రాములు) అని వచ్చింది, రెండోది 61. రైతులు పరీక్షే దండగ అంటున్నారు. దీనికి సమాధానం ఏమని రాయాలి?

రెండోది: ప్రతి కరపత్రంలోనూ "8 శాతం తేమ వచ్చేదాకా ఆరబెట్టండి" అని ఉంది. తేమ మీటర్ లేనివాళ్లు అది తెలుసుకునేదెలా? కాయ ఊపితే గలగలమంటే చాలు అనే మాట ఎంతవరకు నిజం?

మూడోది: ఏరి పక్కన పెట్టిన గింజల్ని ఏం చేయాలి? "పాడైన గింజలు వేరు చేయండి" దగ్గరే అందరూ ఆపేశారు. గానుగకి ఇచ్చేస్తే సరిపోతుందా?

---

గ్రైండర్_గది:

మొదటి ప్రశ్నకి. ల్యాబ్‌ని అనుమానించే ముందు ఆ కిలో నమూనాని అనుమానించండి. ఇంత తేడాలో ల్యాబ్ వాటా చాలా చిన్నది.

అఫ్లాటాక్సిన్ లాట్ అంతా సమానంగా పరుచుకుని ఉండదు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టిన గింజలో గుట్టగా ఉంటుంది, దాన్ని ఆనుకుని ఉన్న గింజలో సున్నా. ఒక్క గింజలో లక్ష పీపీబీ ఉండటం వింతేమీ కాదు, పది లక్షలు దాటిన గింజలు కూడా పరిశోధనల్లో దొరికాయి. లెక్క వేసి చూడండి. గింజ బరువు అర గ్రాము అనుకుంటే లక్ష పీపీబీ గింజలో 50 మైక్రోగ్రాముల విషం ఉంది. ఆ ఒక్క గింజ మీ కిలో సంచిలో పడితే ఫలితం 50 పీపీబీ. అదే 20 కిలోల నమూనాలో పడితే 2.5.

ఇప్పుడు లాట్ మొత్తం మీద సగటు నిజంగా 10 పీపీబీ అనుకుందాం, విషమంతా అలాంటి గింజల్లోనే ఉందనుకుందాం. అంటే 5 కిలోలకి ఒక చెడ్డ గింజ, పది వేలకి ఒకటి. ఆ లాట్‌లోంచి వంద మంది తలా కిలో తీస్తే 82 మందికి సున్నా వస్తుంది, 16 మందికి 50, మిగిలిన ఇద్దరికి వంద లేదా ఆ పైన. అసలు సగటు 10 మాత్రం ఒక్కరికీ రాదు! అదే వంద మంది తలా 20 కిలోలు తీస్తే 87 మందికి 2.5 నుంచి 15 మధ్య వస్తుంది. అప్పుడు కూడా పదకొండు మందికి 15 దాటుతుంది. నిజం లాట్లలో గింజగింజకీ విషం మోతాదు మారుతుంది, అడుగున కొద్దిపాటి కాలుష్యం కూడా ఉంటుంది. అందుకే మీకు 0, 50 అని కాకుండా 4, 61 అని వచ్చాయి. కథ మాత్రం అదే.

నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ విటేకర్ దశాబ్దాల పాటు తేల్చింది ఇదే: మొత్తం తేడాలో పెద్ద ముక్క నమూనా తీయడంలో ఉంది, తర్వాతది మరపట్టి చిన్న భాగం తీయడంలో, అన్నిటికన్నా చిన్నది రసాయన పరీక్షలో. ఇంకా ఖరీదైన యంత్రం కొన్నా కిలో నమూనా బాగుపడదు.

నమూనా ఎలా తీయాలంటే, పెద్ద లాట్ అయితే వంద చోట్ల నుంచి 200 గ్రాముల చొప్పున, మొత్తం 20 కిలోలు. చిన్న లాట్‌కి చోట్లు తగ్గించవచ్చు గానీ ప్రతి సంచిలో చెయ్యి పెట్టాల్సిందే. మూతి దగ్గర గుప్పెడు తీస్తే పనికిరాదు. గుచ్చి తీసే గొట్టం పైనుంచి అడుగుదాకా మూలగా దిగాలి. అన్నిటికన్నా మంచిది గింజ కదిలేటప్పుడు తీయడం. ఒలిచే యంత్రం నుంచి పడుతున్న ధారకి అడ్డంగా గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచుకి లాగాలి, నిర్ణీత వ్యవధిలో. ధార మధ్యలో మాత్రమే పడితే తేలికపాటి ముడుచుకున్న గింజలు అంచుల్లో తప్పించుకుంటాయి, విషం ఎక్కువగా ఉండేదేమో వాటిల్లోనే.

తీసిన నమూనాని గుడ్డ సంచిలో గానీ మందపాటి కాగితపు సంచిలో గానీ పంపండి. తేమ ఉన్న గింజని పాలిథీన్‌లో కట్టి ఎండలో మూడు రోజులు తిప్పితే లాట్‌లో లేని విషం నమూనాలో పుడుతుంది.

ఇక మరపట్టడం. 20 కిలోలు మోసుకొచ్చి అందులోంచి గుప్పెడు మిక్సీలో వేస్తే మీరు పరీక్షించింది గుప్పెడే. మొత్తం మరపట్టాలి. వేరుశనగతో ఇబ్బంది ఏంటంటే ఎక్కువసేపు తిప్పితే నూనె బయటికొచ్చి ముద్దయిపోతుంది, గోడలకి అంటుకుంటుంది, పెద్ద పలుకులు ఆ ముద్దలో దాక్కుంటాయి. దీనికి మందు నీళ్లు. గింజలకి సమాన బరువు నీళ్లు పోసి జోరు మిక్సర్‌లో పల్చటి చారులా కొడితే రేణువులు నలిగి బాగా కలుస్తాయి, చిన్న భాగం తీసినా నమ్మొచ్చు. ఒక్కటే జాగ్రత్త: 50 గ్రాముల చారులో గింజ 25 గ్రాములే. లెక్కలో అది మరిచిపోతే ఫలితం సగానికి పడిపోతుంది, చెడ్డ లాట్ మంచిదిగా పాసైపోతుంది.

ఎలైజా కిట్ (యాంటీబాడీలతో విషాన్ని కొలిచేది) వాడుతున్న చోట ఇంకో మాట. 61 అనేది ఆ కిట్‌లో ఉన్న అతిపెద్ద స్టాండర్డ్ (విషం మోతాదు ముందే తెలిసిన ద్రావణం) కన్నా పైన ఉంటే అది అంకె కానే కాదు. నమూనా నుంచి తీసిన సారాన్ని కిట్ చెప్పిన ద్రావణంతో పల్చన చేసి మళ్లీ నడిపి, పల్చన చేసినంత గుణించాలి.

కరపత్రంలో హద్దులు రాసేటప్పుడు నాలుగు అఫ్లాటాక్సిన్ల (బీ1, బీ2, జీ1, జీ2) మొత్తమా, వాటిలో ఒక్క బీ1 మాత్రమేనా అన్నది కచ్చితంగా రాయండి. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ప్రకారం తర్వాత శుద్ధి చేయబోయే వేరుశనగకి మొత్తం 15 పీపీబీ. ఐరోపా సమాఖ్యలో నేరుగా తినే వేరుశనగకి మొత్తం 4, అందులో బీ1 2 దాటకూడదు. అమెరికాలో మొత్తం 20. సరుకు ఎటు పోతుందో తెలియకుండా "పాస్" అనే మాటకి అర్థం లేదు.

---

పట్టామీద:

రెండోది నేను చెబుతాను.

"8 శాతం" అని రాసి అది కాయ తేమో గింజ తేమో చెప్పకపోవడం మన కరపత్రాలన్నిటికీ ఉన్న జబ్బు. రెండూ వేరు. నిల్వకి గింజ తేమ 7 శాతం లోపు ఉండాలి. అప్పుడు పొట్టుతో కలిపి కాయ తేమ 8, 9 దగ్గర ఉంటుంది. గింజే 8, 9 ఉంటే మాత్రం గోదాములో బూజుకి దారి తెరిచినట్టే.

ధాన్యానికి 13 శాతం సరిపోయినప్పుడు వేరుశనగకి 7 ఎందుకని శిక్షణలో తప్పకుండా అడుగుతారు. గింజ బరువులో దాదాపు సగం నూనె, నూనె నీళ్లని పట్టుకోదు. ఆ 7 శాతం నీరంతా మిగతా సగంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ అది 14 శాతంతో సమానం. బూజుకి తెలిసేది శాతం కాదు, తను వాడుకోగల నీరు ఎంత ఉందన్నదే. గింజల మధ్య గాలిలో తేమ 70 శాతం దాటకపోతే ఈ బూజులు దాదాపుగా లేవవు. విషం తయారు కావాలంటే 82, 83 పైన ఉండాలి. అందుకే హద్దు 65 దగ్గర పెట్టుకుంటే ఎండా వానా మారినా కాస్త వెసులుబాటు ఉంటుంది.

మీటర్ లేకుండా కొలవడం ఈ లెక్కతోనే. మూత బిగుతుగా పట్టే గాజు సీసా, గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి, ముఖ్యంగా మధ్యలోంచి, కాయలు తీసి అప్పటికప్పుడు ఒలిచి, గింజలు సీసాలో మూడింట రెండొంతులు పోసి, మీటర్ లోపల పెట్టి మూత బిగించండి. నీడలో రెండు మూడు గంటలు. 65 లోపు చూపిస్తే కట్టేయొచ్చు. 65 నుంచి 70 మధ్య అయితే ఇంకో ఎండ. 75 దాటితే అది నిల్వ సరుకు కాదు.

కాయలు ఒలవకుండా సీసాలో వేస్తే మోసపోతారు. మధ్యాహ్నం పొట్టు ముందు ఆరిపోతుంది, లోపల గింజ ఇంకా పచ్చిగా ఉంటుంది.

హైగ్రోమీటర్ చవకది కదా, నమ్మేదెలా? సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దగా తడిసేంత నీటి బొట్లు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. దాన్ని, మీటర్‌ని ఒకే సీసాలో మూసి రాత్రంతా ఉంచితే పొద్దున 75 చూపించాలి. 79 చూపిస్తే మీ మీటర్ 4 ఎక్కువ చెబుతోందని మీద రాసి అంటించండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో తయారైన డ్రైకార్డ్ కూడా ఈ పనికే. కోబాల్ట్ క్లోరైడ్ పట్టీ రంగు చూసి చెప్పాలి, నీలం అయితే పొడి, గులాబీ అయితే తడి. సంఘానికి అంకె కన్నా రంగు చూపించడం తేలిక.

గలగల సంగతి. గింజ ముడుచుకుని పొట్టు నుంచి విడిపోగానే శబ్దం మొదలవుతుంది, 7 శాతానికి చాలా ముందే. గలగలమనకపోతే ఆరలేదని చెప్పొచ్చు, గలగలమంది కాబట్టి ఆరిందని చెప్పలేం. గింజ వేళ్ల మధ్య నలిపితే పొర జారడం, పంటితో కొరికితే టక్కున రెండుగా విరగడం దానికన్నా నయం, అయినా సీసాకి సాటి రావు.

ఆరబెట్టే పద్ధతికి వస్తే, పీకినప్పుడు కాయ తేమ 35 నుంచి 50 శాతం. మొక్కల్ని తిరగేసి, కాయలు పైకి ఆకులు కిందికి ఉండేలా పనలుగా వేస్తే గాలి ఆడుతుంది, కాయ నేలకి తగలదు. రెండు మూడు ఎండల తర్వాత కాయ దూసి పట్టా మీద 5 సెంటీమీటర్లకి మించని మందంలో పరవాలి. పగలు గంటకోసారి తిరగేయాలి, సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి కప్పాలి. కప్పిన పట్టా పొద్దెక్కాక కూడా అలాగే ఉంచితే లోపల ఆవిరి పట్టి పై వరస తడుస్తుంది. రోజూ కనిపించే తప్పు ఇది. యంత్రంతో ఆరబెట్టేవాళ్లు గాలి వేడి 35 డిగ్రీలు దాటనివ్వకూడదు. తొందరపడితే గింజ పొర ఊడుతుంది, రెండు బద్దలవుతుంది, రుచి చెడుతుంది.

ఎందుకింత తొందర అంటే, పచ్చి గింజ బతికున్నంతసేపు బూజుని అడ్డుకునే పదార్థాలు తనే తయారు చేసుకుంటుంది. బాగా ఎండిన గింజ మీద బూజు పెరగలేదు. మధ్యలో, గింజ తన రక్షణ వదిలేసి ఇంకా పూర్తిగా ఎండని దశ ఉంది చూశారా, సుమారు 30 నుంచి 10 శాతం దాకా, అక్కడే అంతా జరుగుతుంది. ఆ మధ్య దశ ఎన్ని గంటలు సాగిందన్నదే మీ లాట్ తలరాత. మొదటి రోజు రాత్రి పచ్చి కాయల్ని గోనెల్లో కుక్కి పెట్టడం కన్నా పెద్ద తప్పు లేదు.

ఒలిచేటప్పుడు గింజ పగలకుండా కాయల మీద నీళ్లు చల్లే అలవాటు గురించి కూడా ఒక వాక్యం రాయండి. వారం రోజుల ఎండని ఒక బిందెతో వెనక్కి తిప్పడం అది. కాయ సైజుకి తగ్గ జల్లెడ యంత్రంలో వేస్తే నీళ్లు అక్కర్లేదు. ఒకవేళ తడిపినా అదే రోజు ఒలిచి, మళ్లీ 7కి తెచ్చాకే సంచి కట్టాలి.

గాలి చొరబడని సంచులు, ఉదాహరణకి పర్డ్యూ విశ్వవిద్యాలయం అలసందల కోసం మొదలుపెట్టిన మూడు పొరల పిక్స్ సంచి, పురుగుకి బాగా పనిచేస్తాయి. అవి ఆరబెట్టవు. తడి గింజ వేస్తే తడి గింజే ఉంటుంది, తెరిచిన రోజు నుంచి బూజు పరుగెడుతుంది. కాయలతో నింపేటప్పుడు పుల్లలు, తొడిమలు ఏరేయండి, లోపలి పొరకి సూదంత చిల్లు పడినా అది మామూలు సంచే.

---

నీలికాంతి:

365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి కరపత్రంలో పెట్టొచ్చు కదా? గింజ ఆకుపచ్చ పసుపుగా మెరిస్తే తీసేయమని. ల్యాబ్ ఖర్చు తప్పుతుంది.

---

గ్రైండర్_గది:

పెట్టకండి. ఆ మెరుపు అఫ్లాటాక్సిన్‌ది కాదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ తయారు చేసే కోజిక్ ఆమ్లం, పచ్చి కణజాలంలోని పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌తో కలిసి ఇచ్చే రంగు అది. మొక్కజొన్నలోనూ పత్తి గింజలోనూ "ఇక్కడ బూజు పెరిగి ఉండొచ్చు" అనే ప్రాథమిక అనుమానానికి పనికొస్తుంది, అంతే. వేరుశనగలో పొరకి సొంత మెరుపు ఉంటుంది కాబట్టి మంచి గింజని తీసేసి చెడ్డదాన్ని ఉంచే ప్రమాదం రెండు వైపులా ఉంది. పైగా విషం తయారుచేసే రకమూ చేయని రకమూ రెండూ కోజిక్ ఆమ్లం చేస్తాయి.

చవకలో పనికొచ్చే పద్ధతి ఇంకోటి ఉంది. ఏరివేతలో పక్కకొచ్చిన గింజల్నే, అంటే ముడుచుకున్నవి, రంగు మారినవి, పురుగు కొరికినవి, కాయలో ఉండకుండా ముందే రాలిన గింజలు, విడిగా మరపట్టి పరీక్షించండి. విషంలో అధిక భాగం వాటిలోనే పోగవుతుంది కాబట్టి తక్కువ నమూనాతోనే దొరుకుతుంది. అందులో ఏమీ లేకపోతే మంచి గింజల మీద భరోసా పెరుగుతుంది. అందులో వందలు వస్తే ఏరివేత ఇంకోసారి నడిపి, ఆ తర్వాతే 20 కిలోల పరీక్షకి పంపాలి. సంఘంలో ఒక్కొక్క రైతు ఒక్కో కిలో పరీక్ష చేయించుకునే కన్నా ఏరిన తర్వాత అందరి సరుకు కలిపి ఒక్క మంచి నమూనా తీయడం మేలు.

అయితే ఏరకుండా కలపొద్దు. ఒకరి చెడ్డ బస్తా పది మంది మంచి బస్తాల్ని ముంచుతుంది.

---

పాలక్యాన్:

మూడోదానికి నేను కాస్త కటువుగా చెబుతాను. "గానుగకి పంపండి" అని దయచేసి అచ్చు వేయకండి.

అఫ్లాటాక్సిన్ నూనెలో పెద్దగా కరగదు, ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. కిలో గింజల్లో 50 పీపీబీ ఉండి, నూనె పోగా 550 గ్రాముల చెక్క మిగిలితే ఆ చెక్కలో ఇంచుమించు 90 పీపీబీ ఉంటుంది. ఏరి తీసిన గింజల్లో 50 ఎక్కడ, వందలు వేలు ఉంటాయి. ఆ చెక్క చివరికి ఆవు తొట్టిలో పడుతుంది.

ఆవు తిన్న బీ1లో సుమారు 1 నుంచి 2 శాతం ఎం1 అనే ఇంకో రూపంలోకి మారి పాలలోకి వస్తుంది, బాగా పాలిచ్చే ఆవుల్లో ఇంకా ఎక్కువ, 6 శాతం దాకా. 90 పీపీబీ చెక్క రోజుకి 2 కిలోలు తిన్న ఆవు కడుపులోకి 180 మైక్రోగ్రాముల బీ1 వెళ్తుంది. 2 శాతం లెక్కన 3.6 మైక్రోగ్రాముల ఎం1. పది లీటర్లు పిండితే లీటరుకి 0.36. పాలలో ఎం1కి కోడెక్స్ హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాములు, ఐరోపాలో 0.05. అంటే ఓ మోస్తరు చెక్కతోనే ఐరోపా హద్దుకి ఏడు రెట్లు. పాలు కాస్తే పోదు, పెరుగైనా పోదు, చీజ్‌లో ఇంకా గాఢమవుతుంది. ఎందుకంటే ఎం1 పాల ప్రోటీన్‌తో అంటుకుని గట్టి భాగంలోకే వెళ్తుంది.

ఒక మంచి విషయం: చెక్క ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు దాదాపు శుభ్రమవుతాయి.

ఈ విషం వెలుగులోకి వచ్చిందే దాణాలోంచి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే, వెతగ్గా వెతగ్గా తేలింది వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క.

నూనె సంగతి కూడా అంత తేలిక కాదు. క్షారంతో శుద్ధి చేసి, మట్టితో తెల్లబరిచిన నూనెలో దాదాపు మిగలదు. వడపోత మాత్రమే చేసిన గానుగ నూనెలో సన్నటి చెక్క రేణువులతో పాటు కొంత ఉండిపోతుంది. కాబట్టి పాడైన గింజలు గానుగకి వెళ్తే రెండు వైపులా తినేవాళ్లకే చేరతాయి.

మరి ఏం చేయాలి? కొద్ది మొత్తమైతే లోతుగా గుంట తీసి పూడ్చడం, పశువులకి కోళ్లకి అందకుండా. వేరుశనగ గానీ మొక్కజొన్న గానీ వేసే చేలో ఎరువుగా చల్లొద్దు, బూజు బీజాల్ని తీసుకెళ్లి విత్తినట్టవుతుంది. పెద్ద మొత్తమైతే అమోనియాతో శుద్ధి చేసే దాణా కర్మాగారాలకి, అది కూడా చట్టం ఒప్పుకున్న చోట, పరీక్ష కాగితంతో పాటు. ఇంటి దగ్గర అమోనియా ప్రయోగాలు వద్దు. ఏరేవాళ్లకి ఎన్95 మాస్కు ఇవ్వమని కూడా రాయండి, ఆ దుమ్ములో బీజాలూ విషమూ రెండూ ఉంటాయి.

---

రెండుపేజీలు:

అందరికీ ధన్యవాదాలండి. కరపత్రం కాస్తా నాలుగు పేజీలు అయ్యేలా ఉంది. ఇంకో మూడు అనుమానాలు. వేయిస్తే విషం పోతుందా? పీకిన తర్వాత వరసగా మూడు రోజులు వాన పడితే ఏం చేయాలి? విషం చేయని బూజుని చేలో చల్లే పద్ధతి గురించి రాయాలా?

---

చేనుగట్టు:

వేయిస్తే తగ్గుతుంది, పోదు. బీ1 260 డిగ్రీలు దాటితేగానీ విచ్ఛిన్నం కాదు, వేరుశనగ వేయించేది 150, 180 దగ్గర. ఎంత తగ్గుతుందన్నది వేడి, సమయం, తేమ బట్టి మారుతుంది కాబట్టి దాని మీద ఆధారపడి లాట్ పాస్ చేయలేం. వేయించడం వల్ల అసలు లాభం వేరే ఉంది: గింజ పొర తీశాక పాడైన గింజ నల్లగా బయటపడుతుంది, ఏరడం సులువవుతుంది. రెండు బద్దల మధ్య దాక్కున్న బూజు కూడా అప్పుడే కనిపిస్తుంది.

వాన. ముందు అన్ని పనల్నీ ఒకే కుప్పగా పోయకండి. అది అందరికీ తోచే పని, వేడెక్కి రెండు రోజుల్లో చెడగొట్టేది కూడా అదే. చోటు ఉంటే కప్పు కింద బద్దల మంచె మీద పలచగా, గాలి కిందినుంచి కూడా ఆడేలా. చోటు లేకపోతే చేలోనే కాయలు పైకి ఉంచి, వాన తెరిపి ఇచ్చిన ప్రతిసారీ దులిపి తిరగేయాలి. పనల మీద పట్టా నేరుగా పరిస్తే లోపల ఉక్క పడుతుంది, కర్రల మీద ఎత్తుగా, పక్కలు తెరిచి కట్టాలి. ఇంకా పీకని చేను ఉంటే వాన సూచన ఉన్న రోజుల్లో పీకడం వాయిదా వేయొచ్చు. భూమిలో ఉన్న కాయకి తల్లి మొక్క ఇంకా కాపలా, అయితే ముదిరి ఊడలు బలహీనపడిన చేనుకి ఈ మాట చెల్లదు, కాయ నేలలోనే తెగి మొలకెత్తుతుంది. తడిసిన భాగాన్ని తడవని భాగంతో కలపకుండా విడిగా ఆరబెట్టి విడిగా గుర్తుపెట్టండి.

అలాగే కాయ దూశాక మట్టిలో మిగిలిపోయి తర్వాత తవ్వి ఏరుకునే కాయలు. వాటిని ఎప్పుడూ ప్రధాన లాట్‌లో పోయొద్దు. దెబ్బ తగిలినవీ, చెదలు గీకినవీ, ముదిరిపోయినవీ అన్నీ అందులోనే ఉంటాయి.

మీ కరపత్రంలో చేను గురించి ఏమీ లేదు. అసలు సగం కథ అక్కడే ఉంది. చివరి నాలుగైదు, ఆరు వారాల్లో బెట్ట తగిలి, కాయ ఉన్న లోతులో మట్టి 28 నుంచి 31 డిగ్రీలకి వేడెక్కితే పీకకముందే విషం తయారవుతుంది. అప్పుడు ఎంత బాగా ఆరబెట్టినా ఉన్నది పోదు, పెరగకుండా ఆపగలం అంతే. నీళ్లు ఒక్క తడికే ఉంటే ఆ దశకి దాచిపెట్టడం మంచిది. పూత దశలో హెక్టారుకి 400 నుంచి 500 కిలోల జిప్సం వేస్తే కాల్షియం అంది పొట్టు గట్టిపడుతుంది, తాలు తగ్గుతుంది. చెదలు, కాయతొలిచే పురుగుల్ని అదుపు చేయడం ఇక్కడ దిగుబడి కోసం మాత్రమే కాదు, ప్రతి రంధ్రమూ బూజుకి గుమ్మం. పీకే సమయం: నాలుగు మూలలా మొక్కలు పీకి కాయలు పగలగొట్టి చూడండి, పొట్టు లోపలి గోడ నల్లబడ్డ కాయలు 75 శాతానికి వస్తే ఆలస్యం చేయొద్దు.

విషం చేయని రకాల గురించి తప్పకుండా రాయండి, అతిశయం లేకుండా. అమెరికా వ్యవసాయ శాఖలో పీటర్ కాటీ పత్తి చేలలో ఏఎఫ్36 రకంతో చూపించిన సూత్రం: విషం చేయలేని ఫ్లేవస్‌ని ముందే చేలో దింపితే అది చోటు ఆక్రమించి విషపు రకానికి తిండి లేకుండా చేస్తుంది. ఆఫ్రికాలో ఐఐటీఏ (అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ) తెచ్చిన అఫ్లాసేఫ్, అంటే విషం చేయని బూజు బీజాలు పట్టించిన గింజలు, కూడా అదే, హెక్టారుకి 10 కిలోలు, పూతకి రెండు మూడు వారాల ముందు. చల్లే రోజు నేల తడిగా ఉండాలి, లేకపోతే గింజ మీది బీజం లేవదు, చీమలూ పిట్టలూ తినేస్తాయి. చల్లాక అంతరకృషి చేసి మట్టిలో కప్పేస్తే కూడా వృథా. దేశదేశానికీ అక్కడి నేలలో దొరికిన రకాలే నమోదై ఉంటాయి, వేరే చోట మందు తెచ్చి చల్లకూడదు. ఇది వాడిన చేనులో బూజు కనిపిస్తుంది, కానీ విషం తక్కువ. ఆ సంగతి కొనేవాళ్లకి ముందే చెప్పకపోతే చూపుతోనే తిరస్కరిస్తారు. ఆరబెట్టడంలో నిర్లక్ష్యానికి మాత్రం ఇది అనుమతి పత్రం కాదు.

---

గ్రైండర్_గది:

శిక్షణలో పరీక్ష చేసి చూపించే ఉద్దేశం ఉంటే ఒక్క జాగ్రత్త. స్టాండర్డ్ ద్రావణం ఒలికిన బల్లకీ, వాడిన గాజు సామానుకీ బ్లీచ్ వేస్తే సరిపోతుందని చాలా చోట్ల రాస్తారు. సగమే నిజం. 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో రెండు గంటలు ఉంచాక, మొత్తంలో 5 శాతం వచ్చేలా అసిటోన్ పోసి ఇంకో అరగంట ఆగాలి. బ్లీచ్‌తో బీ1 నుంచి డైక్లోరో రూపం ఒకటి పుట్టొచ్చు, అది కూడా ప్రమాదమే, దాన్ని తీసేది అసిటోన్. 5 శాతం బ్లీచ్ సీసా అయితే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం వస్తుంది. ఆమ్లంతో కడిగే తొట్టిలో బ్లీచ్ పోయొద్దు, క్లోరిన్ వాయువు లేస్తుంది. పొడి స్టాండర్డ్‌ని శిక్షణ గదిలో తెరవనే వద్దు, ఆ స్ఫటికాలు స్థిర విద్యుత్తుకి చేతి తొడుగు మీదికి ఎగిరి అంటుకుంటాయి. ముందే ద్రావణంగా ఉన్నది, ముదురు రంగు సీసాలో, అక్కర్లేనప్పుడు ఫ్రిజ్‌లో.